ఆరోగ్య కరపత్రం - రోగి భాష: ఒక చారిత్రక పరిశీలన

ఆసుపత్రి నుంచి ఇంటికి తిరిగివచ్చే రోగి చేతిలో ఇప్పుడు సాధారణంగా మూడు కాగితాలుంటాయి. ఓపీ చీటీ ఒకటి, మందుల చీటీ ఒకటి, వ్యాధి గురించీ తీసుకోవలసిన జాగ్రత్తల గురించీ నాలుగు మాటలు అచ్చువేసిన కరపత్రం ఒకటి. మొదటిది ఆసుపత్రి వారికోసం రాసింది. రెండోది మందుల దుకాణం వారికోసం రాసింది. మూడోది మాత్రమే రోగికోసం రాసింది. అయినా మొదటి రెండింటినీ రోగి ప్లాస్టిక్ సంచీలో భద్రంగా దాచుకుంటాడు. మూడోదాన్ని మడతపెట్టి ఎక్కడో పెట్టి మరచిపోతాడు. దీనికి రోగి నిర్లక్ష్యాన్ని తప్పుపట్టడం మనకు అలవాటు. ఆ కాగితం ఎవరి భాషలో, ఎవరి మాటల్లో ఉన్నదో చూడడం అంతగా అలవాటు లేదు.

ఆరోగ్య కరపత్రం వల్ల రోగికి మేలు కలుగుతుందా అన్న ప్రశ్నకు కలుగుతుందనే చరిత్ర చెబుతున్నది. కాని ఆ మేలు షరతులతో కూడినది. చెప్పిన విషయం నిజమై ఉండాలి. రోగి నోట ఉన్న మాటలతో చెప్పాలి. విన్నదాన్ని రోగి తిరిగి చెప్పగలగాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా కరపత్రం వట్టి కాగితమే. దక్షిణ భారతంలోనూ తూర్పున బెంగాల్‌లోనూ గత రెండు వందల ఏళ్లలో జరిగిన కొన్ని ప్రయత్నాలను ఈ దృష్టితో పరిశీలించి, రాష్ట్రం వెలుపలి తెలుగు ఇళ్లకు వాటితో ఉన్న సంబంధాన్ని చెప్పడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

గోవు, అమ్మవారు, టీకా

ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి టీకాను గురించిన తన పుస్తకాన్ని 1798లో ప్రకటించాడు. నాలుగేళ్లకే, 1802 జూన్‌లో, ఆ టీకా బొంబాయి చేరింది. అదే ఏడాది మద్రాసుకూ వచ్చింది. అప్పట్లో మందును సీసాల్లో దాచిపెట్టే వీలు తక్కువ. ఒక బిడ్డ చేతి మీద లేచిన పొక్కులోని రసాన్ని మరో బిడ్డ చేతికి ఎక్కిస్తూ, చేయి నుంచి చేయికి టీకా ప్రయాణించింది. ఒక కులం బిడ్డ చేతి రసం మరో కులం బిడ్డ ఒంట్లోకి పోవడం ఆనాటి వారికి సామాన్యమైన విషయం కాదు. పైగా ఆ రసం మొదట ఆవు పొదుగు మీది పొక్కునుంచి వచ్చినది. అన్నిటినీ మించి మశూచి మనవారి దృష్టిలో వట్టి రోగం కాదు, అమ్మవారు. ఆంధ్ర ప్రాంతంలో పోలేరమ్మ, తమిళదేశంలో మారియమ్మన్, కన్నడదేశంలో మారమ్మ. 'అమ్మవారు పోసింది' అన్న ఇంట్లో వైద్యుడికి పని ఏముంటుంది?

ఈ అడ్డంకిని దాటడానికి రెండు చోట్ల చేసిన రెండు ప్రయత్నాలు గమనార్హం.

మొదటిది మైసూరులో. 1805 ప్రాంతంలో థామస్ హికీ అనే ఐరిష్ చిత్రకారుడు వేసినట్టు భావిస్తున్న ఒక తైలవర్ణ చిత్రంలో ముగ్గురు రాజవంశపు స్త్రీలున్నారు. వారిలో ఒకామె చీర చెరగు పక్కకు జరిపి పైచేతిని వేలితో చూపుతున్నట్టు ఉంటుంది. ఆమె కృష్ణరాజ ఒడయరు వధువు దేవాజమ్మణి అనీ, టీకా వేసుకున్న చోటును చూపుతున్నదనీ, ప్రజలకు టీకాపై నమ్మకం కలిగించడమే ఆ చిత్రం ఉద్దేశమనీ నైజెల్ చాన్సలర్ అనే చరిత్రకారుడు వాదించారు. ఆయన ఊహ సరైనదైతే, చదువురాని వారికి బొమ్మతో చెప్పిన తొలి ఆరోగ్య ప్రకటనల్లో ఇదొకటి.

రెండవ ప్రయత్నం మద్రాసులో జరిగింది. దాని కర్త మన పాఠకులకు వేరే కారణంగా పరిచితుడే. 1816లో ఎ. డి. క్యాంబెల్ ప్రకటించిన తెలుగు వ్యాకరణానికి పీఠికగా, తెలుగు తమిళ కన్నడాలు సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ అవి ఒక వేరు కుటుంబమనీ నిరూపించిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆయనే. కాల్డ్వెల్ పుస్తకానికి నలభై ఏళ్ల ముందు మాట ఇది. ఎల్లిస్ మద్రాసు కలెక్టరుగా పనిచేశాడు. 1812లో ఏర్పడ్డ సెంట్ జార్జి కోట కళాశాలకు ఆయనే ఆయువుపట్టు. అటువంటి పండితుడు టీకాను ప్రచారం చేయడానికి తమిళంలో ఒక పురాణకథ రాశాడు. శక్తికీ ధన్వంతరికీ సంభాషణగా నడిచే ఆ కథలో గోమశూచి టీకా అమ్మవారు దయతో ఇచ్చిన వరం. అమ్మవారితో పోట్లాడకుండా, అమ్మవారి నోటనే టీకాను చెప్పించాడన్నమాట. శ్రోత విశ్వాసాన్నీ శ్రోత భాషనూ ఇంతగా గుర్తించిన ఆరోగ్య రచన ఆ కాలంలో అరుదు.

అయితే ఈ మార్గంలో ఒక ప్రమాదం ఉన్నది. 1819 జనవరిలో 'మద్రాస్ కొరియర్' పత్రికలో 'కల్వి విరుంబోన్', అంటే విద్యాభిలాషి, అన్న మారుపేరుతో ఒక లేఖ వెలువడింది. గోమశూచి టీకా ప్రాచీన భారతీయులకు తెలిసినదేనని చెబుతూ, ధన్వంతరిదని ఒక సంస్కృత పాఠాన్ని ఉదహరించారు. దాన్ని నమ్మిన ఐరోపా రచయితలు తమ గ్రంథాల్లోకి ఎత్తిరాసుకున్నారు. వారిని చూసి మనవారు రాశారు. ఆ ఆధారాలు నిలవవనీ, అది జనాన్ని టీకాకు ఒప్పించడానికి సదుద్దేశంతో చేసిన బూటకమనీ డొమినిక్ వుజాస్తిక్ 1987లో ఒక వ్యాసంలో చూపారు. అయినా ఆ మాట నేటికీ ఎక్కడో ఒకచోట వినిపిస్తూనే ఉంటుంది. ఎల్లిస్ విషయంలో మరో విశేషం కూడా ఉంది. 'ఎజూర్వేదం' అనే కల్పిత వేదం బూటకపుదని బయటపెట్టినవాడు ఆయనే. ఆ వ్యాసం ఆయన మరణానంతరం 1822లో అచ్చయింది.

ఇక్కడ మనం గ్రహించవలసిన భేదం ఒకటుంది. రోగి నమ్మకాన్ని గౌరవిస్తూ, రోగికి తెలిసిన పేర్లతో మాట్లాడడం ఒక పద్ధతి. లేని ప్రమాణాన్ని పుట్టించి ఒప్పించడం మరో పద్ధతి. మొదటిది అనువాదం, రెండోది మోసం. వైద్యం ఎంత మంచిదైనా, దాన్ని ఒప్పించడానికి ఆడిన అబద్ధం వైద్యం కన్నా ఎక్కువకాలం బతుకుతుంది.

గ్రంథం నుంచి వాడుకకు

తెలుగులో ఆధునిక విజ్ఞానాన్ని సామాన్య పాఠకుడికి అందించే సంఘటిత ప్రయత్నం విజ్ఞాన చంద్రికా మండలితో మొదలయింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు మిత్రులతో కలిసి దీన్ని 1906లో హైదరాబాదులో స్థాపించారు. 1908లో అది మద్రాసుకు మారింది. ఇంగ్లీషు వైద్యం చదివి తరువాత ఆయుర్వేదం వైపు మళ్లిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు 'అంటువ్యాధులు' వంటి పుస్తకాలు రాసి, సూక్ష్మజీవులకూ వ్యాధులకూ ఉన్న సంబంధాన్ని తెలుగువారికి తెలుగులో చెప్పారు. తెలుగులో వైద్యం చెప్పడం సాధ్యమేనని ఈ పుస్తకాలు రుజువు చేశాయి. అవి చాలావరకు మద్రాసులో తయారైనవన్న సంగతి నేటి తమిళనాడు తెలుగు విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

అయితే అవి చదువుకున్నవారికోసం చదువుకున్నవారు రాసినవి. ఆనాటి తెలుగు పుస్తకాలు ఎక్కువగా గ్రాంథికంలోనే నడిచాయి. పుస్తకం చదివే ఇంటి పెద్దకు ఇబ్బంది లేదు. బిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు నీళ్లు కాచవలసిన ఇల్లాలికి ఆ భాష దూరం.

ఈ దూరాన్ని ఎత్తిచూపిన గిడుగు రామమూర్తి పంతులు గారు అధ్యాపకులుగా పనిచేసిన ఊరు పర్లాకిమిడి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ ఊరు అందులో చేరింది. నేడది గజపతి జిల్లా కేంద్రం. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాధారణంగా సాహిత్యపు తగాదాగా చదువుకుంటాం. కాని గిడుగు వారి పట్టుదలకు మూలం తరగతి గది. వారు సవరల భాష నేర్చుకుని, ఆ భాషలోనే సవర పిల్లలకు చదువు చెప్పించిన మనిషి. నేర్చుకునేవాడికి తెలిసిన భాషతో మొదలుపెట్టాలన్న సూత్రం ఒకటే. సవర పిల్లవాడి చదువుకు ఎంత వర్తిస్తుందో, తెలుగు రోగి చేతి కరపత్రానికీ అంతే వర్తిస్తుంది.

ఇంటికి వచ్చిన వైద్యం

కరపత్రం అవసరాన్ని నిజంగా పెంచింది మద్రాసులో జరిగిన ఒక పరిశోధన. అంతకుముందు క్షయరోగికి చికిత్స అంటే శానటోరియంలో నెలల తరబడి ఉండడమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో ఏర్పడిన శానటోరియం అలాంటిదే. అక్కడ మందు ఇచ్చేదీ, వేసుకున్నాడో లేదో చూసేదీ ఆసుపత్రి వారే. రోగికి విషయం తెలిసినా తెలియకపోయినా చికిత్స సాగిపోయేది.

1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రం ఏర్పడింది. నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థకు అది పూర్వరూపం. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్న పేద రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి శానటోరియంలోనూ మరో వర్గానికి ఇంటి దగ్గరా ఏడాదిపాటు అవే మందులు ఇచ్చి చూశారు. 1959లో వెలువడిన ఫలితం ప్రపంచ వైద్యాన్నే మార్చింది. మందు సక్రమంగా వేసుకుంటే ఇంటి దగ్గర చికిత్స శానటోరియం చికిత్సకు దాదాపు సమానంగా పనిచేసింది. ఇంట్లోవారికి అదనపు ప్రమాదం కూడా కనబడలేదు.

'సక్రమంగా వేసుకుంటే' అన్నచోటే అసలు సంగతి ఉంది. రోగి ఇంటికి వెళ్లాడంటే నర్సు చేసే పనిలో సగం రోగి మీద పడ్డదన్నమాట. మద్రాసు కేంద్రం వారు ఇళ్లకు వెళ్లి చూసేవారు, మూత్రపరీక్షతో మందు లోపలికి పోతున్నదీ లేనిదీ కనిపెట్టేవారు. దేశమంతటా అలా చేయడం సాధ్యం కాదు. ఆ ఖాళీని పూరించవలసినది రోగి తెలివిడి. దగ్గు ఆగి, ఆకలి పుట్టి, ఒళ్లు తేరుకున్న రెండో నెలలోనే చాలామందికి మందు ఆపేయాలనిపిస్తుంది. ఎందుకు ఆపకూడదో తెలిసినవాడే చివరిదాకా వేసుకుంటాడు. క్షయ, చక్కెర వ్యాధి, రక్తపోటు వంటి దీర్ఘవ్యాధుల్లో వివరణ అనేది మందుతోపాటు ఇచ్చే మర్యాద కాదు, మందులో ఒక భాగం.

ఇదే కాలంలో మద్రాసులో మరో పాఠం కూడా దొరికింది. క్షయ నివారణకు బిసిజి టీకాలు పెద్ద ఎత్తున వేస్తున్నప్పుడు, 1955లో రాజాజీ దాన్ని వ్యతిరేకిస్తూ ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకమే ప్రకటించారు. టీకా గురించి ఆయన వ్యక్తం చేసిన భయాలు చాలావరకు నిలవలేదు. తరువాతి చరిత్ర మాత్రం ప్రభుత్వ ప్రచారాన్ని కూడా పూర్తిగా సమర్థించలేదు. 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైన భారీ పరిశీలనలో, పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయను బిసిజి ఆపినట్టు కనబడలేదు. పసిబిడ్డలకు వచ్చే తీవ్రమైన క్షయ రూపాలనుంచి, ముఖ్యంగా మెదడు పొరల క్షయనుంచి, అది రక్షిస్తుందని ఇతర పరిశీలనలు చెప్పాయి. అందుకే నేటికీ పుట్టిన బిడ్డకు వేస్తున్నారు. 'ఈ టీకా క్షయను రానివ్వదు' అన్న వాక్యానికీ, 'ఈ టీకా పసిబిడ్డను తీవ్రమైన క్షయనుంచి కాపాడుతుంది' అన్న వాక్యానికీ ఎంత తేడా ఉందో చూడండి. మొదటి వాక్యం చదివిన తండ్రి, పెద్దయ్యాక కొడుక్కి క్షయ వస్తే ఇక ఏ కరపత్రాన్నీ నమ్మడు.

బొమ్మ చెప్పిన మాట, పిడికిలి కొలిచిన మందు

మశూచి నిర్మూలనలో చివరి ఘట్టం మనకు మరో మార్గం చూపుతుంది. 1970ల తొలిభాగంలో ఇంటింటికీ తిరిగిన కార్యకర్తల చేతిలో ఒక అట్ట ఉండేది. దాని మీద మశూచి సోకిన బిడ్డ బొమ్మ. ఆ బొమ్మ చూపి, ఇలాంటి జబ్బు ఎక్కడైనా ఉందా అని అడిగేవారు. ఒక ఊళ్లో అమ్మవారు, ఒక ఊళ్లో స్ఫోటకం, ఒక ఊళ్లో పెద్దమ్మవారు. ఆటలమ్మనూ తట్టునూ కూడా అమ్మవారనే చోట్లున్నాయి. ఏ పేరుతో అడిగినా పొరపాటు తప్పదు. బొమ్మకు ఆ చిక్కు లేదు. సమాచారం ఇచ్చినవారికి బహుమతి కూడా ప్రకటించారు. చివరికది 1,000 రూపాయల దాకా పెరిగింది. 1975 మేలో అస్సాంలో బయటపడిన కేసు దేశంలో ఆఖరిది. 1980లో ప్రపంచమంతా మశూచినుంచి విముక్తమైనట్టు ప్రకటించారు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, సరిహద్దు పట్టణమైన బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. నరాలకు ఎక్కించే సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్, ఆయన బృందమూ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున పొట్లాలు కట్టించి, తాగించే పనిని రోగుల బంధువులకే అప్పగించారు. ఎలా కలపాలో చెప్పే కరపత్రాలు అచ్చువేసి సరిహద్దు పొడవునా పంచారు. రహస్యంగా నడిచే బంగ్లాదేశ్ రేడియో కూడా ఆ విధానాన్ని చెప్పింది. నూటికి 30 మంది దాకా పోతున్న చోట మరణాలు నూటికి నాలుగు లోపుకు దిగాయి. పొట్లం లేనిదే కరపత్రానికి విలువ లేదు. కరపత్రం లేనిదే పొట్లం ఆసుపత్రి గడప దాటదు.

దీన్ని పల్లెపల్లెకూ తీసుకువెళ్లిన పని స్వతంత్ర బంగ్లాదేశ్‌లో జరిగింది. బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి 1990 వరకు ఇంచుమించు 1 కోటి 20 లక్షల ఇళ్లలో తల్లులకు ఇంటి ద్రావణం నేర్పింది. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, ఒక పిడికెడు బెల్లం, అరసేరు నీళ్లు. గ్రాములూ మిల్లీలీటర్లూ లేవు. ప్రతి ఇంట్లోనూ ఉన్న కొలమానం చెయ్యే. తల్లుల్లో అధికసంఖ్యాకులు చదువురానివారు కనుక అచ్చు కాగితానికి బదులు నేర్పే మనిషిని పంపారు. ఆ మనిషికి జీతం ఎన్ని ఇళ్లు తిరిగిందన్న లెక్కన కాక, కొన్నాళ్ల తరువాత వేరే వారు వెళ్లి అడిగితే తల్లి ఎన్ని అంశాలు గుర్తుంచుకుని చెప్పిందన్న లెక్కన ఇచ్చారు. ప్రపంచంలో కరపత్రాలు పంచే వారంతా ఈ ఒక్క నియమం పాటిస్తే ఎన్ని కరపత్రాలు తిరగరాయవలసి వస్తుందో!

ఇంత చేసినా మొదట్లో ఆ ద్రావణాన్ని వాడినవారు తక్కువ. కారణాలు వెతికితే, నేర్పేవారిలోనే చాలామందికి దాని మీద నమ్మకం లేదని ఒకటి తేలింది. రెండో కారణం భాషకు సంబంధించినది. అక్కడి పల్లెవాసులు విరేచనాలను నాలుగు రకాలుగా, నాలుగు పేర్లతో గుర్తిస్తారు. కార్యకర్తలు వాడిన 'డయేరియా' అన్న మాట వారి వాడుకలో కలరా వంటి భయంకరమైన రకానికే చెల్లుతుంది. కనుక మిగతా మూడు రకాలకు ఈ మందు కాదని తల్లులు అనుకున్నారు. తల్లి విన్నది, గుర్తుపెట్టుకున్నది, తిరిగి సరిగ్గా చెప్పింది. కాని ఆ పేరు తన బిడ్డ జబ్బుకు పేరు కాదనుకుంది. మన తెలుగులోనూ నీళ్ల విరేచనాలు, జిగట విరేచనాలు, బంక విరేచనాలు, భేదులు అన్నవి సామాన్యుడి దృష్టిలో ఒకే జబ్బు కావు. కరపత్రంలో 'అతిసారం' అని ఒక్క మాట రాసి ఊరుకుంటే అది వీటిలో దేనికి చేరుతుంది?

తగ్గింది, మానింది, పడదు

భాషాశాస్త్ర విద్యార్థులకు కరపత్రం మంచి పరిశోధనా క్షేత్రం. కొన్ని మాటలను మాత్రం ఇక్కడ చూద్దాం.

'తగ్గు' అన్న క్రియకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. ధర తగ్గింది అంటే కొంత దిగింది. జ్వరం తగ్గింది అంటే పూర్తిగా పోయింది. 'రెండు నెలల్లో జబ్బు తగ్గుతుంది' అని కరపత్రంలో రాసినవారి ఉద్దేశం మొదటి అర్థం. చదివిన రోగి తీసుకునేది రెండో అర్థం. క్షయరోగి విషయంలో ఈ చిన్న తేడాకు వెల ఒక ప్రాణం కావచ్చు. 'రెండు నెలల్లో దగ్గు ఆగుతుంది, కాని జబ్బు లోపల ఉంటుంది, ఆరు నెలలూ మందు వేసుకోవాలి' అంటే సందేహానికి తావుండదు.

'మాను' అన్న క్రియ కూడా అలాంటిదే. పుండు మానింది, మందు మానేశాడు. నయం కావడానికీ విడిచిపెట్టడానికీ ఒకే ధాతువు. 'మానేదాకా మానవద్దు' అని రాస్తే చమత్కారంగా ఉంటుందేమో గాని, రోగికి పనికిరాదు.

మందు ఒంటికి సరిపడకపోవడాన్ని కరపత్రాల్లో 'అలర్జీ' అనో 'ప్రతికూల చర్య' అనో రాస్తారు. మన ఇళ్లలో దానికి చక్కటి మాట ఉంది: 'పడదు'. 'ఈ సూదిమందు మీకు ఇంతకుముందు ఎప్పుడైనా పడలేదా?' అని అడిగితే ఏ అవ్వ అయినా జవాబు చెప్పగలదు. 'వేడి చేసింది' అన్నది మరొకటి. బిళ్ళలు వేడిచేస్తున్నాయని మానేసేవారు ఎందరో. ఆ మాట కరపత్రాల్లో ఎక్కడా కనబడదు, ఎందుకంటే వైద్యగ్రంథాల్లో అది లేదు. రోగి మనసులో ఉన్న ప్రశ్నను వదిలేసి, అడగని ప్రశ్నలకు జవాబులు రాయడం కరపత్రాలకు ఉన్న పాత జబ్బు. పథ్యం సంగతీ ఇంతే. ఏం తినాలో ఏం తినకూడదో రోగి మొదట అడిగేది. కాగితంలో చివరగా ఉండేది.

ప్రాంతభేదం కూడా గమనించాలి. కోస్తాలో బిళ్ళ, తెలంగాణలో గోళీ, సీమలోనూ తమిళ కన్నడ దేశాల తెలుగువారిలోనూ మాత్ర. ఆసుపత్రి ఒకచోట, దవాఖానా మరోచోట. వీటిలో ఏదీ తప్పు కాదు. ఎక్కడ పంచే కాగితంలో అక్కడి మాట ఉండాలి. ఇక 'ఔషధము సేవించబడవలెను' వంటి వాక్యాలు ఏ ప్రాంతం వారివీ కావు. ఇంగ్లీషు కర్మణి ప్రయోగానికి తెలుగు అక్షరాల తొడుగు తొడిగినవి.

మన ఇళ్లలో

ఇప్పుడు రాష్ట్రం వెలుపలి సంగతి. యానాంలో తెలుగు వాడకానికి పుదుచ్చేరి 1965 అధికార భాషల చట్టంలోనే వీలుంది. హోసూరు, బళ్లారి, కోలారు, బరంపురం, రాయగడ, షోలాపూర్, భివండీ వంటి చోట్ల స్థితి వేరు. అక్కడ ప్రభుత్వం ఆయా రాష్ట్రభాషలో కరపత్రం అచ్చువేస్తుంది. అది సహజమే. మన పిల్లలు ఆ భాషలో చదువుకున్నారు కనుక వారికి ఇబ్బంది లేదు. ఇబ్బంది ఇంట్లోని పెద్దవారికి, ముఖ్యంగా స్త్రీలకు. బజారుకు సరిపడే తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో వారికి వచ్చు. ఒంట్లో ఎక్కడ ఎలా ఉన్నదో చెప్పుకోవడానికి మాత్రం తెలుగే కావాలి. షోలాపూర్‌లో బీడీలు చుట్టే తెలుగు అమ్మకు దగ్గు విడవకపోతే, 'ఆయాసం', 'కళ్లె', 'గుండెలో పట్టేసినట్టుంది' అన్న మాటలు ఆమె నోట తెలుగులోనే వస్తాయి. ఆమె చేతికి వచ్చే కాగితం మరాఠీలో ఉంటుంది. మధ్యలో ఉండేది కాలేజీకి పోయే మనవడో మనవరాలో.

అంటే మన ఇళ్లలో అసలైన కరపత్రం మీరే. ఆ కాగితాన్ని రాష్ట్రభాషలో చదివి, తెలుగులో ఆమెకు చెప్పేది మీరు. మద్రాసు, మైసూరు, బంగ్లాదేశ్ అనుభవాలు నేర్పినవి మూడు పనులు. మొదటిది, కాగితంలో ఉన్నంతే చెప్పడం. ధైర్యానికని ఎక్కువ కలపకుండా, భయపడుతుందని తక్కువ చేయకుండా. అర్థం కానిది ఉంటే ఊహించకుండా మందులిచ్చే వారినో నర్సునో అడగడం. రెండోది, ఇంటి మాటతో చెప్పడం. 'తగ్గుతుంది' అనే చోట ఏ 'తగ్గడమో' విడమరచి చెప్పడం. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, చెప్పడం అయ్యాక 'అవ్వా, ఈ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఎన్నాళ్లు వేసుకోవాలో నువ్వు నాకు చెప్పు' అని అడగడం. 'అర్థమయిందా?' అని అడిగితే ప్రతి పెద్దమనిషీ అయిందనే అంటారు. తిరిగి చెప్పించుకుంటేనే తెలుస్తుంది.

తెలుగు శాఖల విద్యార్థులు దీన్ని మరికొంత ముందుకు తీసుకువెళ్లవచ్చు. మీ ఊళ్లో, మీ వీధిలో జబ్బులకూ నొప్పులకూ మందులకూ వాడే తెలుగు మాటలను సేకరించండి. ఎవరు, ఏ సందర్భంలో, ఏ అర్థంలో అన్నారో రాసుకోండి. తమిళనాడు తెలుగులో, ఒడిశా తెలుగులో, షోలాపూర్ తెలుగులో అటువంటి పదాలు పెద్దవారితోపాటే పోతున్నాయి. అవి నిఘంటువుకు ఎంత అవసరమో, అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ అంతే అవసరం. పది పేజీల పట్టిక తయారుచేసి స్థానిక వైద్యులకు ఇవ్వగలిగితే, తెలుగు రాని డాక్టరుకు కూడా 'పడదు', 'వేడి చేసింది' అన్న మాటలు అర్థమవుతాయి.

ఒక భాష ఇంట్లో బతుకుతున్నదా లేదా అనడానికి పండుగలూ పాటలూ మాత్రమే గుర్తులు కావు. జబ్బు పడిన మనిషి తన బాధను ఆ భాషలో చెప్పుకుని, వైద్యాన్ని ఆ భాషలో అర్థం చేసుకోగలిగినప్పుడు ఆ భాషకు ఆ ఇంట్లో పని ఉన్నట్టు. రెండు భాషలు వచ్చిన మన విద్యార్థులు ఆ పనిని నిలబెడతారని ఆశిస్తున్నాం.